పాతర గడ్డి: ధర సరే, కప్పు మాటేమిటి?

పాతర గడ్డి కొనేటప్పుడు టన్ను ధర దగ్గర గీచి గీచి బేరమాడే వర్తకులు కప్పు సంగతి పట్టించుకోవడం లేదు. నష్టం అక్కడే మొదలవుతున్నది.

గింజ పాలు గట్టిపడే దశలో, 65-70 శాతం తేమతో కోసిన మొక్కజొన్నను ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూస్తేనే అది పులిసి నిలవ ఉంటుంది. గాలి చొరబడితే బూజు పట్టి సరుకు వేడెక్కుతుంది. పైన అంగుళం నల్లటి పొర కనబడిందంటే, అంతకన్నా మందమైన మంచి గడ్డి అక్కడ హరించుకుపోయిందన్నమాటే.

పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో పూడ్చి, పైన పాత టైర్లో ఇసుక బస్తాలో పెట్టడానికయ్యే ఖర్చు ఈ నష్టం ముందు స్వల్పం. చుట్టిన బేళ్లకైతే చిరుగు కనబడిన వెంటనే టేపు వేయాలి.

కనుక ధరతోపాటు కప్పు షరతు కూడా బేరంలో చేరాలి. లోడింగు నాటికి ఉన్న చిరుగు అమ్మకందారు ఖాతాకు, ఆ తర్వాతది కొనుగోలుదారు ఖాతాకు పోవాలి. బూజు పట్టినది తరుగు తీసి అమ్మే సరుకు కాదు, పారవేయవలసిన సరుకు. దాని విషం పాలలోకీ చేరవచ్చు. పశువు ముట్టని మేత అమ్మిన దుకాణం గడప పాడి రైతు మళ్లీ తొక్కడు.