ఆ యాభై వేల మరణాల్లో హెల్మెట్ వాటా ఎంత?

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టనపెట్టుకున్నాయి. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. కేంద్ర రవాణా శాఖ ఏటా తెచ్చే నివేదికలో ఇంకో అంకె కూడా ఉంది. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. భద్రతా మాసోత్సవాలు మొదలైతే చాలు, వేదికలన్నిటి మీదా ఈ యాభై వేలే మార్మోగుతాయి. హెల్మెట్ ఉంటే వీళ్లంతా బతికి ఉండేవారని వినేవాళ్లకు అర్థమవుతుంది. దానికి టీకొట్టు దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది. ‘మరి మిగతా పాతికవేల మంది హెల్మెట్ పెట్టుకునే పోయారు కదండీ!’

రెండు వాదనలూ తప్పే.

హెల్మెట్ మీద వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, హెల్మెట్ వల్ల తల గాయాల ముప్పు 69 శాతం, మరణం ముప్పు 42 శాతం తగ్గుతాయి. ఆ 42 శాతాన్ని మన 50,029కి వేసి చూడండి. బతికేవారు దాదాపు 21 వేల మంది. చిన్న సంఖ్యేం కాదు, ఒక పట్టణమంత జనం. కానీ మిగిలిన 29 వేల మంది హెల్మెట్ ఉన్నా దక్కేవారు కారు. లారీ వెనక చక్రం కింద పడ్డవాణ్ని, ఛాతీ డివైడర్‌కు కొట్టుకున్నవాణ్ని, రక్తం కారుతూ అంబులెన్స్ కోసం గంట సేపు పడి ఉన్నవాణ్ని తలమీది టోపీ ఎలా కాపాడుతుంది?

ఇక టీకొట్టు వాదన. వందమంది బండి నడిపేవారిలో 46 మందే హెల్మెట్ పెట్టుకుంటున్నారనుకుందాం. రక్షణ పైన చెప్పిన 42 శాతమే అనుకుందాం. అప్పుడు మృతుల్లో దాదాపు మూడోవంతు మంది హెల్మెట్ ఉన్నవారే అవుతారు. మన నివేదికలో కనిపించేదీ ఆ మూడోవంతే. అంటే హెల్మెట్ చక్కగా పనిచేస్తున్నా ఈ లెక్క రావచ్చు. వందకు తొంభై మంది పెట్టుకునే రోజు వస్తే, మృతుల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా హెల్మెట్ ఉన్నవారే ఉంటారు. మొత్తం చావులు మాత్రం దాదాపు పావు వంతు తగ్గిపోతాయి. ఆ రోజు మా పత్రికల వాళ్లం ‘హెల్మెట్ ఉన్నా ఆగని మరణాలు’ అని శీర్షిక పెట్టినా ఆశ్చర్యం లేదు.

చనిపోయినవారిని లెక్కపెడుతున్నాం, రోడ్డు మీద తిరుగుతున్నవారిని లెక్కపెట్టడం లేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఎంతమంది పెట్టుకుంటున్నారు? పట్టీ బిగిస్తున్నారా, పోలీసు కనబడగానే తలమీద బోర్లిస్తున్నారా? 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు. అయినా ఫుట్‌పాత్‌ల మీద ప్లాస్టిక్ చిప్పలు దొరుకుతూనే ఉన్నాయి. నివేదికలోని పట్టికకు ఆ చిప్పా హెల్మెట్టే, అసలుదీ హెల్మెట్టే.

హారం లేని లెక్క ఎక్కడికైనా తీసుకుపోతుంది. రిజిస్టరైన వాహనాల్లో సుమారు ముప్పావు వంతు బైకులే, మరణాల్లో వాటి వాటా 44 శాతమే, కాబట్టి కారు కన్నా బైకే భద్రమని ఎవరైనా నిరూపించవచ్చు! తుక్కుకింద పోయిన బళ్లు కూడా ఆ రిజిస్టర్లో ఉంటాయి, ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మాత్రం ఉండదు. తిరిగిన దూరాన్ని బట్టి లెక్కకట్టే అమెరికాలో మైలుకు మోటార్ సైకిల్ మరణాలు కారు మరణాల కన్నా ఇరవై రెట్లకు పైనే.

రాష్ట్రాల పోలికలోనూ ఇదే తంతు. 2022లో కేరళలో 43,910 ప్రమాదాలకు 4,317 మంది చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 21,249 ప్రమాదాలకే 8,293 మంది, తెలంగాణలో 21,619 ప్రమాదాలకు 7,559 మంది పోయారు. కేరళలో చిన్న గాయమైనా కేసు నమోదవుతుందని, మన దగ్గర మనిషి పోతే తప్ప స్టేషన్ గడప తొక్కరని నా అనుమానం. ప్రమాదాల సంఖ్య కన్నా మరణాల సంఖ్యనే నమ్మడం మేలు.

మరణాల్లో 71 శాతానికి అతివేగమే కారణమంటుంది అదే నివేదిక. ఈ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే ఎఫ్ఐఆర్ చదవాలి. ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అన్న మాట లేని ప్రమాదపు ఎఫ్ఐఆర్ అరుదు. నిన్నటి ఐపీసీ 304-ఎ అయినా నేటి భారతీయ న్యాయ సంహిత 106 అయినా చట్టం అడిగేది మనిషి నిర్లక్ష్యాన్నే. విజయవాడ-హైదరాబాద్ హైవే పక్క పల్లె నుంచి పాల క్యాన్లతో టీవీఎస్ ఎక్సెల్ మీద బయల్దేరిన రైతును ఊహించుకోండి. డివైడర్ తెరిపి దూరంగా ఉంటుంది, సర్వీసు రోడ్డు మధ్యలోనే ఆగిపోతుంది. ఎదురుదారిలో నాలుగడుగులు వేస్తాడు, బస్సు కొడుతుంది. కాగితం మీద ‘రాంగ్ రూట్, హెల్మెట్ లేదు’ అని రెండు టిక్కులు పడతాయి. తెరిపి ఎక్కడుండాలో నిర్ణయించిన ఇంజినీరు పేరు ఏ గడిలోనూ ఉండదు. రోడ్డు లోపానికి కాంట్రాక్టరునూ అధికారినీ బాధ్యులను చేసే 198-ఎ సెక్షన్ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో వచ్చింది. జరిమానా లక్ష రూపాయల వరకూ వేయొచ్చు. మీ జిల్లాలో ఆ సెక్షన్ కింద ఎన్ని కేసులు పెట్టారో ఒక్కసారి ఆర్టీఐ వేసి చూడండి.

హెల్మెట్ పెట్టుకోవాల్సిందే, వెనక కూర్చున్నవారు కూడా. అందులో వాదన లేదు. కానీ పోయినవాడి తలమీద ఏమీ లేదు కాబట్టి తప్పంతా వాడిదేనని ఫైలు మూసే వీలు ప్రభుత్వానికి ఉండకూడదు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ ఆర్నెల్లకోసారి అవే కూడళ్లలో, అవే గంటల్లో హెల్మెట్ ఉన్నవారిని, పట్టీ బిగించినవారిని లెక్కించాలి. ప్రతి మరణం జరిగిన చోటుకు పోలీసుతోపాటు రోడ్డు ఇంజినీరూ వెళ్లి సంతకం చేసిన నివేదిక ఇవ్వాలి. ఈ రెంటికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఒక్క జీవో చాలు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోపు ఆ జీవో తేవాలి.