పచ్చిక యెవరిది?

గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడారంగమున దాదాపు ముప్పదివేల మంది కూర్చుండవచ్చును. 2002 నాటి జాతీయ క్రీడలకై నిర్మించిన యా రంగమున పచ్చిక కలదు, దీపస్తంభములు కలవు, అతిథులకు ప్రత్యేకాసనములు కలవు. ఆ పచ్చికను తన యిల్లని చెప్పుకొనిన జట్టు మాత్రము 2025లో ఊరు విడిచిపోయెను.

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. మహమ్మారి వలన ఆ యేటి పందెములన్నియు గోవాలోనే జరిగినవి గనుక, మన జట్టు గెలిచిన నాడు మన పచ్చిక నిర్జనమై యుండెను. పిమ్మట ధనపు చిక్కులు, ఆటగాండ్ర వలసలు. తుదకు పేరు మార్చుకొని ఢిల్లీకి ప్రయాణము. యజమానిని నిందించి ప్రయోజనము లేదు. కొన్నవాడు తన సొత్తును తన కిష్టమైన తావునకు గొనిపోవును. ఒక రైలుబండిని నిలిపివేసినచో అర్జీలు పంపు మనలో, జట్టు పోయినందుకు నొచ్చుకొన్నవా రెందరు?

ఈ యుదాసీనత ఈ నగరమునకు సహజము కాదు. సయ్యద్ అబ్దుల్ రహీము బడిపంతులు. 1943 మొదలు 1963లో మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. ఆయన తీర్చిన నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును తెచ్చెను. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను భారతజట్టు ఆసియా స్వర్ణము గెలిచినదియు, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాల్గవదిగా నిలిచినదియు ఆయన శిక్షణలోనే. జకార్తాలో ఆడిన తులసీదాసు బలరాము మన సికింద్రాబాదువాడే. బలహీనమైన కాలితోనే తన్నవలెనను నియమము పెట్టి రహీము కుర్రవాండ్రకు పందెములు నడపెను. దాని కెన్ని వేల ఆసనములు కావలెను? ఒక మైదానము, ఒక బంతి, ప్రతిదినము వచ్చు పంతులు చాలును.

నేడు ఆసనములు మిగిలినవి. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ తుదిపోరు గచ్చిబౌలిలోనే జరిగెను. వంగ కేరళ జట్లు వచ్చి పోరాడినవి, వంగము గెలిచినది, మనము ఆతిథ్యమిచ్చితిమి. అతిథిమర్యాద మంచిదే, కాని ఇల్లంతయు అతిథులకే విడిచి, పిల్లలను వీథిలో నిలుపు గృహస్థు నేమందురు?

నిత్యము త్రొక్కిన పచ్చిక చెడునని అధికారు లందురు. నిజమే. వారమున కొక్క సాయంకాలము త్రొక్కినచో చెడదు గదా! ఆదివారమున నగర లీగు పందెమును అచ్చట జరిపింపవలెను. పరుగుబాట చుట్టివచ్చుటచే ఆ రంగమున ప్రేక్షకుడు ఆటకు దవ్వుగా నుండును. కావున ముందు వరుసలు పాఠశాలల పిల్లలకు విడువవలెను. టిక్కెట్టు పది రూపాయలు మించరాదు. పాతబస్తీనుండియు సికింద్రాబాదునుండియు వచ్చు బస్సు ఆట ముగియువరకు ద్వారమువద్ద వేచియుండవలెను. తొలివారమున మూడువందల మందియే వత్తురేమో. రానిండు.