పశువుల పాఠం ఎవరి కోసం?

పోయిన చలికాలంలో వరంగల్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్లలకు పశువుల ఆరోగ్యం గురించి చెప్పడానికి ఒక పశువైద్యుడు వస్తున్నారని తెలిసింది. ఆడపిల్లల చదువు మీద నేను చేస్తున్న పనికి ఉపయోగపడుతుందని పోయాను. డాక్టరుగారు ఓపిక ఉన్న మనిషి. ఒక మేకను తెప్పించి వరండాలో కట్టేయించారు. జ్వరం ఎట్లా కొలవాలో, కనురెప్ప తిప్పి రక్తహీనత ఎట్లా గుర్తుపట్టాలో, నెమరు ఆగిపోతే ఏం అర్థం చేసుకోవాలో వివరంగా చూపించారు. మేకను పట్టుకోవడానికి ఇద్దరు అబ్బాయిలను పిలిచారు. థర్మామీటరు మరో అబ్బాయి చేతికిచ్చారు. ఆడపిల్లలు వెనక నిలబడి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

మధ్యలో ఆయన పిల్లలను కొన్ని ప్రశ్నలు అడిగారు. పొద్దున్నే కొట్టం ఊడ్చేది ఎవరు? ఆడపిల్లలు చేతులెత్తారు. కుడితి, నీళ్లు పెట్టేది ఎవరు? మళ్లీ వాళ్లే. పాలు పిండేది? ఎక్కువగా వాళ్లే. దవాఖానకు తోలుకుపోయేది ఎవరు? ఈసారి ఆడపిల్లల చేతులు దిగిపోయి అబ్బాయిల చేతులు లేచాయి. పిల్లలంతా నవ్వారు. శ్రమ విభజన గురించి నేను విశ్వవిద్యాలయంలో గంటల తరబడి చెప్పే విషయం ఆ నాలుగు ప్రశ్నల్లోనే బయటపడింది.

క్లాసు అయిపోయాక ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "మేడం, మా మేక ఈసుకపోయింది. మాయ నేనే చేత్తోటి తీసి పారేసిన. నాకేమన్నా అయితదా?" డాక్టరుగారినే అడగకపోయావా అంటే, "అందరి ముంగట సార్‌ను అదెట్ల అడగాలె మేడం?" అంది.

నేనే ఆ అమ్మాయిని ఆయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. జ్వరం వచ్చిందా, కీళ్ల నొప్పులున్నాయా, ఆ మేక పాలు కాచి తాగుతున్నారా లేదా అని వివరంగా అడిగారు. మేకల రక్తం పరీక్ష చేయిద్దామన్నారు. జ్వరం వచ్చిపోతూ ఉంటే ఆసుపత్రిలో ఈ సంగతి తప్పకుండా చెప్పమన్నారు. చివరికి, "నేను ముందు చెప్పవలసింది ఇదే కదా" అన్నారు. ఆ మాట అనగలిగినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. కానీ ఆ పిల్ల అడగకపోతే ఆ పాఠం ఎవరికీ అందేది కాదు.

హైస్కూలు పిల్లలకు పశుపోషణ నేర్పాలా వద్దా అనే చర్చ కొత్తది కాదు. ఎవరికి నేర్పాలి, ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్న ప్రశ్నలే ఎప్పుడూ వెనక్కి పోతున్నాయి. మనం మాట్లాడవలసింది వాటి గురించే.

2019 పశుగణన ప్రకారం దేశంలోకెల్లా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ. సుమారు 1 కోటి 90 లక్షలు. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద గొల్ల కురుమ సంఘాల సభ్యులకు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీ మీద ఇచ్చారు. అప్పట్లో యూనిట్ ఖరీదు 1 లక్షా 25 వేల రూపాయలు, కుటుంబం కట్టవలసింది 31,250. నేను తిరిగిన ఊళ్లలో సంఘం రిజిస్టర్లలో ఎక్కువగా కనిపించినవి మగవాళ్ల పేర్లే. ఆ 31,250 రూపాయల కోసం కుదువకు పోయిన బంగారం మాత్రం ఆడవాళ్లది. పిల్లకు పాలు పట్టించడం, కుంటిదాన్ని ఇంటి దగ్గర ఉంచి సాకడం, ఈనే గొర్రె దగ్గర రాత్రంతా కూర్చోవడం, ఇవన్నీ ఆడవాళ్ల చాకిరీయే. అమ్మకం దగ్గరికి వచ్చేసరికి బేరం మగవాడిది, పైసలు మగవాడి చేతిలో. పశువు పేరుకు ఇంటిది, చాకిరీకి ఆమెది, ఆస్తిగా అతనిది.

ఈ చాకిరీకి జ్ఞానం అనే పేరు లేదు. ఊళ్లో ఒక అవ్వ గొర్రె నడక చూసి దానికి కడుపులో నట్టలున్నాయో లేదో చెప్పగలదు. ఆమెను ఎవరూ నిపుణురాలు అనరు. అదే సంగతి పేడ పరీక్ష చేసి చెప్పినవాడికి జీతం, హోదా ఉంటాయి. అవ్వకు తెలిసిందంతా శాస్త్రమేనని నేను అనడం లేదు. జబ్బు చేసిన దూడకు వాతలు పెట్టే అలవాటు కూడా మన ఊళ్లలో ఉంది. అది క్రూరత్వమే తప్ప వైద్యం కాదు. ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని పరీక్షించి చూడాలి. 1992లో కొందరు మహిళా పశువైద్యులు మొదలుపెట్టిన 'ఆంత్ర' సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోనూ మహారాష్ట్రలోనూ ఈ పనికి పూనుకుంది. పశుపోషకులైన ఆడవాళ్లకు పశువైద్యంలో శిక్షణ ఇస్తూ, వాళ్లకు తెలిసిన చికిత్సలను నమోదు చేసింది. ఇదే పని హైస్కూల్లో ఎందుకు జరగకూడదు?

తెలియకపోవడం వల్ల నష్టం ఎవరికో చూద్దాం. ఆ అమ్మాయి భయపడింది బ్రూసెల్లోసిస్ గురించి, దాని పేరు ఆమెకు తెలియకపోయినా. ఈ జబ్బు సోకిన చూడి పశువులు ఈసుకుపోతాయి. మాయను, ఉమ్మనీటిని వట్టి చేతులతో ముట్టినా, పచ్చిపాలు తాగినా మనుషులకు సోకుతుంది. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు నెలల తరబడి పీడిస్తాయి. మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు వాడుతూ పోతారు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం 4 నుంచి 8 నెలల వయసున్న ఆడ దూడలకు, అంటే ఆవు, బర్రె దూడలకు, ఈ టీకా వేయాలని పెట్టుకుంది. అందులో మేకకు చోటు లేదు. పేదింటి ఆడమనిషి సొంతంగా కొనుక్కోగలిగేది మేకనే. ఆ మేక ఈనేటప్పుడు మాయ తీసేది ఆమె, ఆమె కూతురు. చేతికి ఒక ప్లాస్టిక్ సంచి తొడుక్కోవాలని, మాయను సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలని, కడుపుతో ఉన్నవాళ్లు ఆ పని దగ్గరికే పోకూడదని, పాలు బాగా కాచి తాగాలని చెప్పడానికి ఒక్క పీరియడ్ చాలు.

2021 అక్టోబరులో మన దుగ్గొండి మండలం చాపలబండ గ్రామంలో 4 గొర్రెలు దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో, చనిపోయాయి. ఈ జబ్బులో పశువు ఉన్నట్టుండి పడిపోతుంది. ముక్కు, నోరు, మలద్వారం నుంచి కారే నెత్తురు గడ్డకట్టదు. అట్లాంటి కళేబరాన్ని కోయకూడదు, చర్మం తీయకూడదు, తినకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి. లేకపోతే ఆ క్రిమి మట్టిలో దశాబ్దాలపాటు బతికే ఉంటుంది. చచ్చిన గొడ్డును ఎత్తే పనిని మన సమాజం ఏ కులాల నెత్తిన పెట్టిందో వేరే చెప్పనక్కరలేదు. చచ్చినదాని మాంసం పారేయలేని పేదరికం ఎవరిదో కూడా చెప్పనక్కరలేదు. ఆ మాంసం కడిగేది, వండేది ఆడవాళ్లు. పశువుల జబ్బు గురించిన పాఠం కులం గురించీ స్త్రీల గురించీ మాట్లాడకుండా పూర్తి కాదని నేననేది అందుకే.

మన పాఠ్యపుస్తకాల్లో పశువులు లేకపోలేదు. జంతువుల నుంచి ఆహారం ఎట్లా వస్తుందో ఎనిమిదో తరగతి జీవశాస్త్రం చెబుతుంది. పాలు, గుడ్లు, మాంసం ఉత్పత్తి ఎట్లా పెరిగిందో పిల్లలు చదువుకుని పరీక్ష రాస్తారు. అయితే ఆ పాలు పిండిన మనిషి ఎవరు, పాల బిల్లు ఎవరి పేరున వస్తుంది, పశువు జబ్బు పడితే బడి మానేసేది ఎవరు అన్న ప్రశ్నలు పరీక్షకు రావు. మిరప ఏరే రోజుల్లో తల్లులు కూలికి పోతే మన ఊరి బడుల్లో ఆడపిల్లల హాజరు ఎట్లా పడిపోతుందో ఉపాధ్యాయులకు తెలుసు. ఇంటి దగ్గర చంటిపిల్లవాడూ కట్టేసిన బర్రె ఉంటే, ఆ రెండింటికీ ఆ అమ్మాయే దిక్కు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. దళిత ఉపాధ్యాయురాలైన నా స్నేహితురాలితో ఈ సంగతి మాట్లాడితే ఆమె సూటిగా అడిగింది: "మా పిల్లలకు కంప్యూటర్ నేర్పమంటే మళ్లా గొడ్ల దగ్గరికే తోల్తరా? మీ బిడ్డ చదివే బడిల ఈ పాఠం చెప్తున్నరా?" నా కూతురు హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో చదువుతోంది. అక్కడ ఈ పాఠం లేదు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆమె అనుమానానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో సగంపూట చదువు, మిగతా సగంపూట ఇంటి వృత్తి అని ఒక పథకం తెచ్చింది. ఇది కులవిద్య అని జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ గద్దె దిగారు, తర్వాత వచ్చిన కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఎత్తేసింది. మా తరం చదువుకునే రోజుల్లో 'సమాజోపయోగ ఉత్పాదక శ్రమ' అని వారానికో పీరియడ్ ఉండేది. మా బడిలో ఆ పీరియడ్‌లో అబ్బాయిలకు తోటపని, మాకు కుట్లు అల్లికలు. శ్రమకు గౌరవం నేర్పే పేరుతో ఒకచోట కులాన్నీ మరోచోట పితృస్వామ్యాన్నీ తిరిగి నేర్పారు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు సంచీ లేని 10 రోజులు పెట్టి స్థానిక వృత్తులు చూపించమంటోంది. జాగ్రత్తపడకపోతే ఆ 10 రోజులు కూడా ఇదే దారి పడతాయి.

ఇది మన దేశంలోనే ఉన్న జాడ్యం కాదు. అమెరికాలో హైస్కూలు పిల్లలకు వ్యవసాయం, పశుపోషణ నేర్పే భావి రైతుల సంఘం 1928లో ఏర్పడింది. జాతీయ స్థాయిలో ఆడపిల్లలకు సభ్యత్వం దొరికింది 1969లో. అంటే 41 ఏళ్లపాటు భావి రైతు అంటే మగపిల్లవాడే. తలుపు తెరుచుకున్నది అడిగితేనే.

అందుకే పశువుల పాఠం కావాలని అడుగుతూనే, కొన్ని షరతులు కూడా పెట్టాలని నా అభిప్రాయం. ఈ పాఠం అందరికీ ఉండాలి. సర్కారు బడిలో ఎట్లాగో హనుమకొండ ప్రైవేటు బడిలోనూ అట్లాగే, అమ్మాయిలకెట్లాగో అబ్బాయిలకూ అట్లాగే. కొట్టం ఊడ్వడం అబ్బాయిలూ నేర్చుకోవాలి, సూది పట్టుకోవడం అమ్మాయిలూ నేర్చుకోవాలి. చూడి, ఈత, మాయ, పొదుగువాపు, ఇవన్నీ సిగ్గుపడే మాటలు కావని తరగతి గదిలో తేలాలి. ఆ సిగ్గు పోతే అమ్మాయిలు తమ ఒంటి గురించి కూడా ప్రశ్నలు అడగగలుగుతారు. మహిళా పశువైద్యులను, ఊళ్లో అనుభవమున్న గొర్రెలకాపరి స్త్రీలను బడికి పిలిచి పాఠం చెప్పించాలి, వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వాలి. నేర్చుకోవడం వేరు, చాకిరీ వేరు. హాస్టలు బర్రెలను మేపడం పిల్లల చదువు కాదు.

పాఠంలో జబ్బులతోపాటు హక్కులుండాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుందని అబ్బాయికి తెలిసినట్టే అమ్మాయికీ తెలియాలి. బీమా కాగితం మీద, సంఘం రిజిస్టర్ మీద, పాల పుస్తకం మీద ఎవరి పేరుందో ఇంటికి పోయి చూసి రమ్మనాలి. హనుమకొండ జిల్లాలోనే ముల్కనూర్ మహిళా డెయిరీ ఉంది. అక్కడ సభ్యులూ స్త్రీలే, పాలకవర్గమూ స్త్రీలే, పాల పైసలు వాళ్ల పేరునే. మన పిల్లలను విహారయాత్రకు ఒకసారి అక్కడికి తీసుకుపోతే ఆస్తిహక్కు పాఠం విడిగా చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఈ పాఠం కొట్టం దగ్గర ఆగిపోకూడదు. వరంగల్ పక్కనే మామునూరులో పదో తరగతి తర్వాత చేరగల పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది, పశువైద్య కళాశాల ఉంది. ఆ గేటు దాకా పోయే దారి ఊరిబడిలోని అమ్మాయికి ఎవరూ చూపించలేదు. పశువుల మధ్య పెరిగిన పిల్ల పశువైద్యురాలైతే అది కులవృత్తి కాదు, కులం కట్టిన గోడను దాటడం.

చదువులో తమ బతుకు కనిపిస్తే ఆడవాళ్లు ఏం చేయగలరో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపింది. అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠమే వాళ్లను సారా దుకాణం మీదికి నడిపించింది. పశువుల పాఠం అంత పని చేస్తుందని చెప్పను. కానీ ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి తర్వాత నాకు కబురు పంపింది. ఆమె రక్తం పరీక్ష చేయించారు, జబ్బు లేదని తేలింది. వాళ్లమ్మ ఇప్పుడు చేతికి సంచి తొడుక్కుంటోందట. "డాక్టర్ చదువాలంటే ఇంటర్ల ఏం తీసుకోవాలె మేడం?" అని కూడా అడిగించింది. బైపీసీ తీసుకొమ్మని చెప్పాను. ఆ ప్రశ్నకు జవాబు ఆమె బడిలోనే దొరకాలి. దాని కోసం మీ మీ ఊళ్లలో పాఠశాల యాజమాన్య కమిటీలను, పశువైద్యశాలలను అడగడం మొదలుపెట్టండి. ఏం జరిగిందో మాకు రాయండి.