పేర్లు లేని టైటిల్స్

‘గుండమ్మ కథ’ (1962) టైటిల్స్ గురించి చెప్పేటప్పుడు మనవాళ్లు తెగ మురిసిపోతారు. ఎన్టీఆర్‌కి 100వ సినిమా, ఏఎన్నార్‌కి 99వది. ఎవరి పేరు ముందేయాలి? విజయా వాళ్లు అసలు నటీనటుల పేర్లే తీసేసి ఫోటోలు చూపించారు. ఎంత తెలివి అంటారు! నాకైతే ఇందులో మెచ్చుకోవాల్సింది ఏమీ కనపడదు.

ఇద్దరు హీరోల మధ్య పేచీ రాకూడదని అందరి పేర్లూ ఎత్తేయడం పరిష్కారం ఎలా అవుతుంది? ఇద్దరు మేనేజర్లు అలుగుతారని రిలీజ్ నోట్స్‌లో టీం మొత్తం పేర్లు తీసేస్తే మేం ఊరుకుంటామా? (ఊరుకుంటాం, అది వేరే సంగతి.)

మొహం చూస్తే చాలు, జనం గుర్తుపడతారన్న ధీమా స్టార్ల వరకే సరిపోతుంది. చిన్నప్పుడు రేగొండలో టీవీలో ఈ సినిమా చూస్తూ, గుండమ్మనే గడగడలాడించే ఆమె ఎవరని నాయినమ్మను అడిగాను.

“దుర్గమ్మ.”

“గది సినిమాల పేరు. అసలు పేరేంది?”

“ఏమో బిడ్డా. మంచిగ చేస్తది.”

ఆమె ఛాయాదేవి అని నాకు తెలిసింది ఇంజనీరింగ్‌లో చేరాక. నాయినమ్మకు చదువు రాదు, నాకు అప్పటికే కూడబలుక్కుని చదవడం వచ్చు. తెర మీద పేరు పడుంటే నేనే చదివి చెప్పేవాణ్ని.

అయినా కథ గుండమ్మది. ఆ వేషం వేసింది సూర్యకాంతం. ముందు ఆమె పేరు వేసి, తర్వాత ఆ ఇద్దర్నీ ఏ వరసలో వేసుకుంటే ఏం పోయేది?