నిద్రమత్తులో చింతూరు ఘాట్ ఎక్కకండి

2025 డిసెంబరు 12 తెల్లవారుజామున చింతూరు - మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో యాత్రికుల బస్సు లోయలో పడి తొమ్మిది మంది చనిపోయారు. చిత్తూరు జిల్లా నుంచి తీర్థయాత్రకు వచ్చినవాళ్లు. భద్రాద్రి రాముణ్ణి చూసుకుని అన్నవరం సత్యదేవుని దర్శనానికి పోతున్నారు. అంతకు ఆరేళ్ల ముందు, 2019 అక్టోబరు 15న, ఇదే దారిలో వాల్మీకి కొండ దగ్గర కర్ణాటక యాత్రికుల వాహనం లోయలో పడింది. వాళ్లదీ భద్రాచలం నుంచి అన్నవరం ప్రయాణమే. రెండుసార్లూ దూరప్రాంతం నుంచి వచ్చిన బండ్లే.

ఇలాంటి మరో ప్రమాదం జరగకుండా ఆపడం మన చేతుల్లో ఉంది. అందుకే ఈ హెచ్చరిక.

యాత్రల కార్యక్రమం ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. పగలంతా దర్శనాలు, రాత్రంతా ప్రయాణం. తక్కువ రోజుల్లో ఎక్కువ క్షేత్రాలు చూడాలి, సత్రం ఖర్చు మిగలాలి. యాత్రికులు సీట్లలో కునుకు తీస్తారు. డ్రైవరు మాత్రం పగలు పార్కింగులో ఎండకు, రొదకు సరిగా పడుకోలేక, చీకటి పడగానే మళ్లీ స్టీరింగు పట్టుకుంటాడు. ఇలా వరసగా రెండు మూడు రాత్రులు గడిచాక చింతూరు వస్తుంది. సొంత కారులో కుటుంబంతో వచ్చేవారిదీ, అద్దె టెంపో ట్రావెలర్‌లో మిత్రులతో వచ్చేవారిదీ, ఈమధ్య కారవాన్లలో బయలుదేరుతున్నవారిదీ ఇదే వరస. బండిలో పడక ఉంటే చాలదు, బండి నడిపేవాడు దాని మీద పడుకోవాలి.

చింతూరు దాకా జాతీయ రహదారి. అక్కడి నుంచి మారేడుమిల్లి వైపు తిరిగితే అడవి, కొండ, లోయ. ఒకదాని వెంట ఒకటిగా వంపులు. చలికాలంలో పొగమంచు దిగితే హెడ్‌లైటు వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది. వీధి దీపాలు ఉండవు. చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ అందదు, కాబట్టి 108కి కబురు చేరడానికే సమయం పడుతుంది. ఒక వైపు చింతూరు, మరో వైపు రంపచోడవరం ఆసుపత్రులు. అంతకు మించిన వైద్యం కావాలంటే మైదానానికి దిగాల్సిందే. వానాకాలంలో మరో బెడద. గోదావరి పోటెత్తితే శబరి నీరు వెనక్కి తన్ని చింతూరు, చట్టి దగ్గర రోడ్డును ముంచుతుంది. వాగులు పొంగి దారులు తెగుతాయి.

ఇలాంటి రోడ్డు మీద అలసట ఏం చేస్తుందో లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. మూడు సెకన్లు కన్ను మూతపడితే 33 మీటర్లు చూడకుండా పోయినట్టే. ఘాట్‌లో అంతలోనే మలుపు వచ్చేస్తుంది. మనిషి శరీరం నిద్రకు గట్టిగా లొంగేది తెల్లవారుజామునే. ఆ వేళ టీ తాగినా, ముఖం కడుక్కున్నా, పాటలు పెట్టుకున్నా కాసేపే. నిద్రకు మందు నిద్ర ఒక్కటే.

డ్రైవరుకు విశ్రాంతి కావాలన్నది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. రవాణా కార్మికుడి పని సాధారణంగా రోజుకు 8 గంటలు దాటకూడదనీ, 5 గంటలు పనిచేశాక అరగంటైనా విశ్రాంతి ఇవ్వాలనీ 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. యాత్ర బస్సుల విషయంలో ఆ మాట ఎంతవరకు అమలవుతోందో రవాణా శాఖ తనను తానే ప్రశ్నించుకోవాలి.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. భద్రాచలంలోనో చింతూరులోనో రాత్రి ఆగండి. తెల్లారి మంచు విడిచాకే ఘాట్ ఎక్కండి. డ్రైవరుకు పడుకోవడానికి గది ఇప్పించండి. ఇద్దరు డ్రైవర్లు ఉన్నారని ధీమా వద్దు, కదిలే బండిలో పడే కునుకు నిద్ర కిందకు రాదు. ఎక్కే ముందు బ్రేకులు తనిఖీ చేయించండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి, అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు వదులుతుంది. న్యూట్రల్‌లో దిగాలని తలపెట్టకండి. మలుపులో హారన్ కొట్టండి, ఎదురెక్కే బండికి దారివ్వండి. బయలుదేరే ముందే ఇంట్లో వాళ్లకు ఏ దారిన, ఏ వేళకు చేరతారో చెప్పండి.

అధికారులు రాత్రివేళ, మంచు కమ్మినప్పుడు యాత్ర బస్సులను చింతూరు, మారేడుమిల్లి దగ్గరే ఆపాలి. ఆపితే సరిపోదు, ఆగినవాళ్లకు తలదాచుకునే చోటు, నీళ్లు, మరుగుదొడ్లు చూపాలి. ప్రమాదకర మలుపుల వద్ద గట్టి రక్షణ గోడలు, రాత్రి మెరిసే సూచికలు, ఘాట్ పొడవునా సెల్ టవర్లు రావాలి. తెలుగుతో పాటు కన్నడ, తమిళ, హిందీ, ఒడియా బోర్డులు పెట్టాలి, ఈ దారిన వచ్చేది తెలుగువాళ్లు మాత్రమే కాదు.

యాత్రికులారా, డ్రైవరును తొందరపెట్టకండి. ఆయన కళ్లు ఎర్రబడితే, ఆవలింతలు మొదలైతే, బండి ఆపించే హక్కు మీలో ప్రతి ఒక్కరికీ ఉంది. అడగడానికి మొహమాటపడకండి. అన్నవరం దర్శనం ఒక పూట ఆలస్యమైనా దొరుకుతుంది. ఈ రాత్రికి చింతూరులోనే ఆగండి.