కాకి గూట్లో 'ముస్లిం' గుడ్డు: ఎన్నికల కార్టూన్ చెప్పిన కథ, చెప్పని లెక్క

కాకి గూట్లో కోకిల గుడ్డు పెట్టే ముచ్చట మన పిల్లలందరికీ తెలిసిందే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కర్ణాటక బీజేపీ ఇలాంటి ముచ్చటనే ఓట్ల కోసం తిప్పి చెప్పింది. మే 4న ఆ పార్టీ ఎక్స్ ఖాతాలో ఒక యానిమేషన్ కార్టూన్ వచ్చింది. గూట్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అని రాసిన మూడు గుడ్లుంటాయి. రాహుల్ గాంధీని పోలిన బొమ్మ వచ్చి 'ముస్లిం' అని రాసిన నాలుగో గుడ్డు పెడుతుంది. పిల్లలు బయటికొచ్చాక నిధుల మేతంతా టోపీ పెట్టుకున్న ఆ పిల్లకే. అది బలిసి మిగతా మూడింటినీ బయటికి తోసేస్తుంది. రాహుల్, సిద్ధరామయ్య బొమ్మలు నవ్వుతుంటాయి.

చూడ్డానికి పిల్లల బొమ్మలే. చెప్పేది మాత్రం, పక్కింటివాడు మీ నోటికాడి కూడు లాక్కుంటున్నాడని.

జంతువుల కథలతో రాజకీయం చెప్పడం కొత్త కాదు. పంచతంత్రం పుట్టిందే రాజకుమారులకు రాజనీతి నేర్పడానికని ఆ గ్రంథమే చెబుతుంది. అదే గ్రంథం పహ్లవీ భాష మీదుగా 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతిలో 'కలీలా వ దిమ్నా'గా అరబీలోకి వెళ్లింది. కాబట్టి ఒక నాయకుణ్ని నక్కగానో, మొసలిగానో గీస్తే గగ్గోలు పెట్టాల్సిన పనిలేదు. పదవిలో ఉన్నవాణ్ని ఎగతాళి చేయడం కార్టూనిస్టు హక్కు. ఇక్కడ తేడా ఏంటంటే, ఎగతాళి నాయకుడి దగ్గర ఆగలేదు. గుడ్డు మీద ఒక మతం పేరు రాసి, పుట్టుకతోనే దాన్ని దొంగను చేశారు.

ఇక లెక్క చూద్దాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తర్వాతి సవరణల ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులే ఎస్సీలుగా గుర్తింపు పొందగలరు. అంటే ముస్లిం ఎస్సీ వాటా తీసుకోవడం చట్టప్రకారం కుదరని పని. కర్ణాటకలో ముస్లింలకున్న 2బీ కేటగిరీ 4 శాతం వెనుకబడిన తరగతుల వాటాలోది. ఎస్సీ, ఎస్టీ కోటాలు వేరు. ముస్లింలందరినీ ఒకే కేటగిరీలో చేర్చడం సరైనదేనా అన్నది చర్చించదగ్గ ప్రశ్నే. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ కూడా 2024 ఏప్రిల్‌లో దాన్ని తప్పుపట్టింది. కానీ ఆ చర్చ లెక్కలతో జరగాలి, తన్ని తోసేసే పక్షి పిల్లతో కాదు.

తెలుగు రాష్ట్రాల సంగతి ఇంకా స్పష్టం. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ 4 శాతం 14 ముస్లిం వర్గాలకే వర్తిస్తుంది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారు అందులో లేరు. అప్పటికే బీసీ ఏ, బీ, సీ, డీలకు ఉన్న 25 శాతం అలాగే ఉంది, దాని మీద ఈ 4 కలిసింది. కేసు సుప్రీంకోర్టుకు చేరినా 2010 మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. ఇక్కడ ఎవరి గూటినుంచి ఎవరినీ తోసెయ్యలేదు.

మరి చట్టం ఏం చేసింది? ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125 ప్రకారం, ఎన్నికల వేళ మతం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే మూడేళ్ల వరకు జైలు. కాంగ్రెస్ ఫిర్యాదుతో బెంగళూరు పోలీసులు జె.పి. నడ్డా, అమిత్ మాలవీయ, బి.వై. విజయేంద్రల పేర్లతో కేసు పెట్టారు. పోస్టు తీసెయ్యాలని మే 5నే ఎక్స్‌కు నోటీసు వెళ్లింది. అయినా తీయలేదు. ఎన్నికల సంఘం 'వెంటనే తొలగించండి' అని ఆదేశించింది మే 7న. సరిగ్గా అదే రోజు కర్ణాటకలో మిగిలిన 14 స్థానాలకు పోలింగ్. బొమ్మ చేయాల్సిన పని అప్పటికే చేసేసింది. ఏపీ, తెలంగాణల్లో పోలింగ్‌కు ఇంకా ఆరు రోజులుంది. తెలంగాణ ప్రచారంలో ముస్లిం రిజర్వేషన్ ఎత్తేస్తామన్న హామీ అప్పటికే మోగుతోంది.

ఇలాంటి బొమ్మ ఎందుకు ప్రమాదమో చరిత్ర చెబుతుంది. 1940లో జర్మనీలో నాజీ ప్రచారకర్త ఎర్న్‌స్ట్ హీమర్ రాసిన పిల్లల పుస్తకంలో యూదుల్ని పోల్చిన ప్రాణుల్లో పరాయి గూట్లో గుడ్డు పెట్టే పక్షి కూడా ఉంది. దాన్ని ప్రచురించిన సంస్థ యూలియస్ స్ట్రైఖర్‌ది. ఏళ్ల తరబడి విద్వేషం అచ్చేసినందుకు న్యూరెంబర్గ్ కోర్టు అతణ్ని దోషిగా తేల్చింది. 1946లో ఉరి తీశారు. ఆ దేశం, ఆ కాలం వేరు. మనుషుల్ని పక్షులుగా, పురుగులుగా చూపించి భయం పెంచే పద్ధతి మాత్రం ఒకటే.

పార్టీలు సోషల్ మీడియాలో డబ్బు కట్టి ఇచ్చే ప్రకటనలకు ఎన్నికల సంఘం కమిటీ ముందస్తు అనుమతి కావాలి. సొంత ఖాతాలో పెట్టే పోస్టుకు అక్కర్లేదు. ఈ సందు మూయనంత కాలం బొమ్మ ముందు, నోటీసు వెనుక. కాబట్టి ఇలాంటిది ఫోనుకు వస్తే కోపంతోనైనా సరే, ఫార్వర్డ్ చేయకూడదు. అది వాళ్ల పని మనం చేసిపెట్టడమే. లింకు, తేదీ, స్క్రీన్‌షాట్ దాచి జిల్లా ఎన్నికల అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

బడిలో ఇంకో పిల్లాడి మాట విని 'మనం వాళ్ల తిండి తింటున్నామా అమ్మీ?' అని ఇంట్లో పిల్లలు అడిగితే, ఇచ్చే జవాబు సిద్ధంగా ఉండాలి. అసలు లెక్క చెప్పొచ్చు. నిజమైన పక్షి సంగతీ చెప్పొచ్చు: మన కోకిల పిల్ల సాధారణంగా కాకి పిల్లల్ని గూట్లోంచి తోసెయ్యదు, వాటితో కలిసే పెరుగుతుంది.