సాగరం సద్దుమణిగితే...

గద్దకు చూపు, కుక్కకు వాసన... మరి తిమింగలానికి? చెవే దిక్కు! నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది. శబ్దం మాత్రం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో, సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పరుగెడుతుంది. అందుకే తిమింగలాలు ఒకదాన్నొకటి పిలుచుకోవాలన్నా, తల్లీపిల్లా తప్పిపోకుండా ఉండాలన్నా అరుపులే ఆధారం.

మరి ఆ అరుపులు వినిపించకపోతే? ఓడ ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు నీళ్లలో లెక్కలేనన్ని బుడగలు పుట్టి పగిలిపోతుంటాయి. ఆ రొదకు ఇంజిన్ల మోత తోడై బొంగురు హోరుగా మారుతుంది. పెద్ద తిమింగలాల పిలుపులూ దాదాపు ఆ స్థాయిలోనే ఉంటాయి. పెళ్లిలో బ్యాండుమేళం పక్కన నిలబడి కబుర్లు చెప్పుకున్నట్టన్నమాట!

ఈ గోల వాటిని నిజంగా బాధిస్తోందా? తేల్చాలంటే సముద్రంలో ఓడలన్నీ ఆపి చూడాలి. అది అయ్యే పనేనా? కానీ ఒకసారి దాదాపు అలాగే జరిగింది.

కెనడా తూర్పు తీరంలోని ఫండీ అఖాతానికి ఏటా వేసవిలో రైట్ తిమింగలాలు వచ్చేవి. 2001లో అక్కడ కొందరు శాస్త్రవేత్తలు నీటిలోని శబ్దాలను రికార్డు చేస్తున్నారు. మరో బృందం తిమింగలాల మలాన్ని సేకరిస్తోంది. అంత పెద్ద ప్రాణికి సూది గుచ్చి రక్తం తీయలేం కదా! అది ఎంత ఒత్తిడిలో ఉందో మలంలోని హార్మోన్లే చెబుతాయి. తర్వాతి ఏళ్లలో ఈ పనికోసం వాసన పసిగట్టే కుక్కలనూ పడవెక్కించారు.

సెప్టెంబరు 11న అమెరికాపై ఉగ్రవాద దాడులు జరిగాయి. ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. నీటిలో హోరు 6 డెసిబెల్స్ పడిపోయింది. అంకె చిన్నదే అయినా, శబ్దశక్తి నాలుగో వంతుకు తగ్గినట్టు లెక్క. అదే సమయంలో తిమింగలాల్లో ఒత్తిడి హార్మోన్లూ తగ్గాయి. తర్వాతి నాలుగేళ్లూ అదే సీజన్‌లో చూస్తే అలాంటి తగ్గుదల లేదు. రోజలిండ్ రోలండ్ బృందం ఈ రెండు లెక్కలనూ జోడించి 2012లో ప్రచురించింది.

ఒక్క సంఘటనతోనే అంతా రుజువైపోయిందనలేం. కానీ ఎప్పుడూ ఒత్తిడిలో బతికే ప్రాణికి రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది, సంతానోత్పత్తి దెబ్బతింటుంది. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు ఇప్పుడు 400 కూడా లేవు మరి!

ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. సముద్రంలో పడిన ప్లాస్టిక్ ఏళ్ల తరబడి పోదు. చప్పుడు అలా కాదు, ఆపిన క్షణమే ఆగిపోతుంది. ఓడ వేగం తగ్గించినా చాలు, హోరు తగ్గుతుంది. కెనడా పశ్చిమ తీరంలోని వాంకూవర్ రేవు అధికారులు ఓర్కాల కోసం 2017 నుంచి ఓడలను చేస్తున్న విన్నపం అదే... కాస్త నెమ్మదిగా వెళ్లండి!